బంగారు పూత వేసిన వెండి సామాను ఎలా కడగాలి, ఎలా దాచాలి?

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం అయ్యాక, చేతికి అలవాటైన పని కదా అని, కుంకుమ భరిణెకు చింతపండు పట్టించి విభూతితో రుద్దేశాను. మామూలు వెండి అయితే తళతళలాడేది. ఇది గోల్డ్ కోటింగ్ వేసింది. కడిగి చూస్తే మూత మీది తామర రేకుల కొసలన్నీ తెల్లగా తేలాయి. చింతపండు మన నెల్లూరు చేపల పులుసుకే గానీ ఇలాంటి సామానుకు పనికిరాదు.

ఈ పూత మందం మైక్రాన్లలోనే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. బంగారం నల్లబడదు. పూతలో కంటికి కనపడని సందులుంటాయి, అడుగునున్న వెండి వాటిలోంచి గాలిలోని గంధకంతో కలిసి నల్లటి సల్ఫైడ్‌గా మారుతుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా. ఆ నలుపును రుద్ది తీయబోతే ముందు పోయేది బంగారమే.

కడిగే ముందు పొడి కుంకుమ, పసుపు మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులిపేయండి. తడి తగిలిందంటే అవి చెక్కడపు గీతల్లోకి దిగి కూర్చుంటాయి. కుందుల్లో నూనెను దూదితో అద్దండి. పేరుకున్న నెయ్యిని గోటితో గీకొద్దు, గోరువెచ్చని నీళ్లకు అదే కరుగుతుంది.

ప్లాస్టిక్ టబ్బులో అడుగున పాత టవల్ పరవండి, చేయి జారినా సొట్ట పడదు. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్ చాలు, నిమ్మరసం కలిపింది మాత్రం వద్దు. ఒక్కో వస్తువునే ముంచి, వేళ్లతోనో దూదితోనో తేలిగ్గా తుడిచి వెంటనే తీసేయండి. నానబెట్టొద్దు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక తెల్ల మరకలు మిగులుతాయి. ఆఖరి కడుగు క్యాన్ నీళ్లతో కానిస్తే ఆ బాధ ఉండదు.

పాత నూలు పంచె ముక్కతో అద్ది, ఫ్యాను కింద రెండు మూడు గంటలు ఉంచండి. పన్నీరు బుడ్డి లాంటివాటిని బోర్లించి రాత్రంతా వదిలేయడమే మేలు, మెడలో నీటి చుక్క దాక్కుంటుంది.

అయినా నల్ల చుక్కలు పోలేదా? పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో ఒకే వైపుకు రెండుసార్లు తుడిచి ఊరుకోండి. టూత్‌పేస్టు, సబీనా పొడి, వెండి పాలిష్, ముంచి తీసే ద్రావణాలు ఏవీ వద్దు. అల్యూమినియం ఫాయిల్, సోడా చిట్కా ఉత్త వెండికి పనిచేస్తుంది. పూత ఉన్నవాటితో నేనైతే ఆ ప్రయోగం చేయను.

దాచడంలో చాలామంది చేసే తప్పు పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండ్ వేయడం. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండ్ తగిలిన చోట నల్ల గీత పడుతుంది. గంజి పెట్టని తెల్ల నూలు గుడ్డలో ఒక్కోటి విడిగా చుట్టి, జిప్ కవర్లో పెట్టి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. కలరా ఉండలు అదే అరలో పెట్టొద్దు. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి దీపావళికి ముందే ఒకసారి తీసి చూసుకుని కొత్త పొట్లం మార్చేస్తే, ముసురు రోజుల్లో మూట విప్పే పనుండదు.

ఇలాంటి గిన్నెల్లో పాయసం పెట్టొచ్చు, తినగానే కడిగేయాలి. పులిహోర, ఊరగాయ, గుడ్డు మాత్రం వద్దు. ఉప్పుకు తట్టుకుంటుందనే పాశ్చాత్య దేశాల్లో వెండి ఉప్పు గిన్నెల లోపల బంగారు పూత వేసేవారు, నిజమే. పూత అరిగాక మాత్రం ఆ రక్షణ లేదు.

బాగా అరిగిపోతే వెండి కొట్లో మళ్లీ పూత వేయించుకోవచ్చు. ఇచ్చే ముందు ఫోటో తీసుకుని, బరువు చీటీ మీద రాయించుకోండి. నా భరిణె ఇంకా ఇవ్వలేదు, రేకుల కొసలు తెల్లగానే ఉన్నాయి.