రాత కదిలినా గుర్తు కదలకుండా ఉండాలంటే ఏం చేయాలి?

బస్సుల వేళలు రాసుకోవడానికి కర్నూలులో కూచుని నేనొక బుల్లి ఎడిటర్ (రాతను టైప్ చేసి దిద్దుకునే ప్రోగ్రాం) చేసుకున్నా. ‘కర్నూలు నుంచి కడప బస్సు’ అనే వరుసలో ‘కడప’కి పసుపు రంగేశా. వరుస మొదట్లో ‘ఉదయం’ చేర్చగానే రంగు పోయి ‘నుంచి’ మీద పడింది. అదీ సరిగ్గా పడలా: ‘న’ను వదిలేసి దాని కొమ్మును, సున్నాను పట్టుకుంది, ‘చ’ను పట్టుకుని దాని గుడిని వదిలేసింది. పక్కనున్న మిత్రుడు ‘ఏమప్పా, నీ రంగు యాడికో పోతాండాదే’ అన్నాడు.

తప్పు నాదే. మాటను కాకుండా అది మొదలయ్యే, ముగిసే చోట్ల అంకెలను దాచుకున్నా; గుర్తులంటే ఇవే. సున్నా నుంచి లెక్కపెడితే ‘కడప’ 14 దగ్గర మొదలై 17 దగ్గర ముగుస్తుంది. ‘ఉదయం’, దాని వెనక ఖాళీ కలిపి 5. రాత 5 జరిగింది, నా అంకెలు అక్కడే ఉన్నాయి.

ముందు కొలత ఖాయం చేసుకోండి. యూనికోడ్ (కంప్యూటర్లో లిపులకు వాడే ప్రమాణం) లెక్కలో హల్లు, పొల్లు, గుణింతం దేనికదే ఒక సంకేతం, అందుకే ‘కర్నూలు’ 7 సంకేతాలు, కంటికి మాత్రం మూడే అక్షరాలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, ఖాళీ 1 బైటు, అందుకే పై వరుసలో 14వ స్థానం అక్కడ 38 అవుతుంది. ఏదో ఒకటే వాడండి, కలిపారంటే కొంప మునిగినట్టే.

తర్వాత, ఎవరైనా ఏదైనా చేర్చిన ప్రతిసారీ దాచుకున్న గుర్తులన్నీ చూడండి. చేర్చిన చోటు గుర్తుకన్నా ముందుంటే, ఎంత చేర్చారో అంత కలపండి. వెనకుంటే ముట్టుకోవద్దు.

సరిగ్గా గుర్తు మీదే చేరిస్తే? అసలు చిక్కంతా ఇక్కడే. ‘కడప’ ముందు, అంటే 14 దగ్గరే, ‘నంద్యాల మీదుగా’ అని రాశారనుకోండి. మొదటి గుర్తు కదలకపోతే నంద్యాలకూ పసుపు అంటుకుంటుంది. కాబట్టి మొదటి గుర్తు కుడికి జరగాలి. చివరి గుర్తు ఉన్నచోటే ఉండాలి, లేకపోతే ‘కడప’ వెనక టైప్ చేసే ప్రతిదీ పసుపే. ఈ మొగ్గు ఎటో గుర్తుతో పాటే దాచండి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఇలాంటి గుర్తును మార్కర్ అంటారు; అది మామూలుగా చేర్చినదాని ముందే ఆగిపోతుంది, కావాలంటే చేర్చినదాని తర్వాతికి జరిగేలా మార్చుకోవచ్చు.

చెరపడం తేలికే. చెరిపిన భాగం పూర్తిగా ముందుంటే అంత తీసేయండి. గుర్తు ఆ భాగం లోపలే ఉంటే, ఆ భాగం మొదలైన చోటికి తెచ్చి పెట్టండి.

ఒకేసారి పది చోట్ల మార్చాల్సి వస్తే కింద నుంచి పైకి రండి. పై స్థానాలు చెడవు. గుర్తులు వేలల్లో ఉంటే ఒక్కోదాన్నీ సవరిస్తూ కూచోలేం, వాటిని చెట్టు కొమ్మల్లా అమర్చి పక్కదానితో దూరాన్నే దాచాలి, అప్పుడు రాత జరిగినా కొన్ని దూరాలు మారిస్తే చాలు.

చివరగా ‘కడప’ను చెరిపి, అన్‌డూ కొట్టి చూడండి. మాట తిరిగొస్తుంది, రంగు రాదు: చెరిపినప్పుడే రెండు గుర్తులూ ఒకే చోట అతుక్కుపోయాయి, మాట తిరిగొచ్చేసరికి మొదటిది దాని కుడికి జరిగింది, చివరిది ఎడమనే ఉండిపోయింది. చెరిపే ముందు వాటి పాత స్థానాలను అన్‌డూ చిట్టాలో రాసిపెట్టుకుంటేనే పసుపు మళ్లీ కనిపిస్తుంది.