చవక విమాన టికెట్ కొనేముందు అసలు ధర ఎలా తేల్చుకోవాలి?

చవక విమానం టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉంటుంది. వెతికినప్పుడు కనిపించిన ధర ఒకటి, చివర్లో కార్డు నంబరు కొట్టేటప్పుడు ఉన్న ధర ఇంకొకటి. మధ్యలో ఎక్కడ పెరిగిందో గుర్తుండదు. అప్పటికే అందరి పేర్లు, పుట్టిన తేదీలు నింపి అరగంట గడిచిపోయి ఉంటుంది కాబట్టి, మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక కట్టేస్తాం. ఆ పేజీలు ఆ వరసలో ఉండటానికి కారణం కూడా అదే.

చవక విమాన సంస్థలు సీటును తక్కువకు అమ్మి, మిగతావన్నీ విడివిడిగా అమ్ముతాయి. యూరప్‌లో పెద్ద చవక సంస్థ అయిన రయానైర్ ఆదాయంలో దాదాపు మూడో వంతు టికెట్ల మీద వచ్చింది కాదు. బ్యాగులు, సీట్లు, ముందుగా ఎక్కే సౌకర్యం లాంటి వాటి మీద వచ్చిందే. ఇది మోసం అనను. ఒక్క భుజం సంచితో వెళ్లేవాళ్లకు ఈ పద్ధతిలో నిజంగానే చవక. పిల్లలతో, పెద్దవాళ్లతో, సామానుతో వెళ్లేవాళ్లకే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

1. ధర చూడకముందే మీ అవసరం రాసుకోండి

ఎంతమంది, ఎన్ని బ్యాగులు, ఒక్కోటి ఎన్ని కిలోలు, పక్కపక్కన కూర్చోవడం తప్పనిసరా, తేదీ మారే అవకాశం ఉందా. కాగితం మీద నాలుగు లైన్లు చాలు. ధర చూశాక రాసుకుంటే మనసు ఆ ధరకు తగ్గట్టు అవసరాన్ని కుదించేస్తుంది. "బ్యాగు లేకుండా సర్దుకుందాంలే" అనిపిస్తుంది. ప్రయాణం రోజున సర్దుకోవడం కుదరదు.

ఇప్పుడు పోల్చండి. ఒక సంస్థలో టికెట్ 100, ఇంకోదాంట్లో 150 అనుకుందాం. మొదటిదాంట్లో బ్యాగుకు 45, సీటుకు 12, కన్వీనియన్స్ ఫీజు 8 కలిస్తే 165 అవుతుంది. రెండోదాంట్లో ఇవన్నీ కలిపే 150 అయితే, ఎక్కువ ధర అనుకున్నదే చవక. పైగా బ్యాగు రుసుము సాధారణంగా ఒక మనిషికి, ఒక వైపు ప్రయాణానికి. నలుగురు వెళ్లి రావాలంటే దాన్ని ఎనిమిదితో గుణించాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

2. బ్యాగును టేపు పెట్టి కొలవండి

ఎక్కువ డబ్బు పోయేది దీనిమీదే. చవక టికెట్‌లో ఉచితంగా వచ్చేది చాలాసార్లు ముందు సీటు కింద పట్టే చిన్న సంచి మాత్రమే. తల పైన అరలో పెట్టే బ్యాగుకు వేరే రుసుము, కింద వేసే చెక్-ఇన్ బ్యాగుకు ఇంకో రుసుము. ఆ చిన్న సంచి కొలత కూడా అందరికీ ఒకటి కాదు. యూరప్ చవక సంస్థల్లోనే ఈజీజెట్ 45 × 36 × 20 సెంటీమీటర్లు ఒప్పుకుంటే, విజ్ ఎయిర్ 40 × 30 × 20 అంటుంది. వెళ్లేటప్పుడు ఒక సంస్థ, వచ్చేటప్పుడు ఇంకో సంస్థ అయితే చిన్న కొలతనే లెక్కలోకి తీసుకోండి. చక్రాలు, హ్యాండిల్ కూడా కొలతలోకే వస్తాయి. సామాను నింపాక కొలవండి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు.

ఒకసారి అమ్మతో కలిసి వెళ్తున్నాను. బ్యాగు చూస్తే చిన్నదే, సరిపోతుందనుకున్నాను. గేటు దగ్గర దాన్ని కొలత చూసే ఇనుప చట్రంలో పెట్టమన్నారు. బ్యాగు దిగింది, చక్రాలు మాత్రం రెండు వేళ్ల ఎత్తు పైకి మిగిలాయి. అమ్మ గబగబా జిప్పు తీసి శాలువా బయటికి లాగి భుజాన వేసుకుంది. అయినా దిగలేదు. అడ్డం వస్తున్నది బట్టలు కాదు, చక్రాలు. వెనక లైను పెరుగుతోంది, అమ్మ ముఖం వాడిపోయింది. అక్కడ కట్టిన డబ్బు ఆ టికెట్ ధర కంటే ఎక్కువ. అమ్మను ఆ టెన్షన్‌లో నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ఇది గుర్తుంచుకోండి: ఒకే బ్యాగుకు టికెట్‌తో పాటు కొంటే ఒక ధర, తర్వాత కలిపితే ఎక్కువ, కౌంటర్ దగ్గర ఇంకా ఎక్కువ, గేటు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. అనుమానంగా ఉంటే ముందే కొనేయండి.

పోయినసారి ఉచితమే కదా అని ధీమాగా ఉండొద్దు. అమెరికాలో పై అరలో పెట్టే బ్యాగుకు డబ్బు తీసుకోవడం 2010లో స్పిరిట్ అనే చవక సంస్థతో మొదలైంది. ఏళ్ల తరబడి రెండు చెక్-ఇన్ బ్యాగులు ఉచితమని చెప్పుకున్న అక్కడి సౌత్‌వెస్ట్ సంస్థ కూడా 2025 మే నెలాఖరు నుంచి చాలా రకాల టికెట్ల మీద ఆ సౌకర్యం తీసేసింది. మరోవైపు స్పెయిన్ ప్రభుత్వం 2024లో చేతి బ్యాగు రుసుముల వంటి పద్ధతుల మీద ఐదు చవక సంస్థలకు మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. నియమాలు అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. టికెట్ కొనే రోజున ఆ సంస్థ సైట్‌లో ఉన్నదే చదవండి.

3. మొదట ఒక్కరికే వెతకండి

విమానంలో పక్కపక్క సీట్లకు కూడా ఒకే ధర ఉండదు. సంస్థ సీట్లను కొన్ని ధరల అరలుగా విడగొడుతుంది. అడుగు అరలో కొన్ని, దాని పైన కొన్ని. తక్కువ ధర అరలో 2 సీట్లే మిగిలి ఉండగా మీరు నలుగురికి వెతికితే, చాలా సైట్లు నలుగురికీ పై అర ధరే చూపిస్తాయి. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూడండి. ఎక్కడ ధర ఎగిరిందో తెలుస్తుంది. అప్పుడు ఇద్దరికి ఒక టికెట్, మిగతా ఇద్దరికి ఇంకో టికెట్ కొనుక్కోవచ్చు. కాకపోతే రెండు బుకింగులు వేరువేరు అవుతాయి. విమానం రద్దయితే రెండింటినీ విడిగా చూసుకోవాలి. పిల్లలను మాత్రం పెద్దవాళ్లున్న బుకింగులోనే ఉంచండి.

రెండోసారి వెతికితే ధర పెరిగిందని, మనల్ని కనిపెట్టి పెంచారని అనుకుంటాం. ఈలోగా ఆ అరలో సీట్లు ఎవరో కొనేసి ఉండొచ్చు, లేదా మొదట చూసింది పాత ధర అయుండొచ్చు. బ్రౌజర్ మార్చి చూడటంలో తప్పు లేదు గానీ, దానిమీద ఆశ పెట్టుకోకండి.

4. సీటు పేజీని, టిక్ పెట్టెలను నెమ్మదిగా దాటండి

సీటు ఎంచుకోకపోయినా చాలా సంస్థలు వెబ్ చెక్-ఇన్‌లో ఏదో ఒక సీటు ఇస్తాయి. కానీ ఆ పేజీ చూస్తే ఎంచుకోక తప్పదన్నట్టే ఉంటుంది. "సీటు వద్దు" అనే మాట కింద ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. ఒంటరిగా వెళ్తుంటే వదిలేయండి. అమ్మానాన్నలో, చిన్న పిల్లలో వెంట ఉంటే మాత్రం కొనడమే మంచిది. దాన్ని నేను వృథా ఖర్చు అనను.

తర్వాత బీమా, ఎస్ఎంఎస్, కారు అద్దె, "అన్నీ కలిపిన" ప్యాకేజీ వస్తాయి. మీ కాగితంలో ఉన్నవే తీసుకోండి. "ఈ ధరకు 2 సీట్లే" అని కనిపిస్తే కంగారుపడొద్దు. విమానంలో మొత్తం 2 సీట్లే ఉన్నాయని దాని అర్థం కాదు.

యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి నిబంధన ప్రకారం తప్పించుకోలేని పన్నులు, రుసుములు కలిపిన ధరే మొదటి నుంచీ చూపాలి, అదనపు సేవలకు ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. అమెరికాలో కూడా 2012 నుంచి పన్నులతో కలిపిన ధరే ప్రకటించాలి. ఇవి మంచి నియమాలే. కానీ బ్యాగు, సీటు మన ఇష్టానికి కొనేవి కాబట్టి మొదటి ధరలో కలవవు.

5. విమానాశ్రయం ఎక్కడుందో మ్యాపులో చూడండి

పేరు చూసి మోసపోవద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి దాదాపు 120 కిలోమీటర్లు. పారిస్ పేరుతో అమ్మే బోవే కూడా పారిస్‌కు 80 కిలోమీటర్ల పైనే. బస్సు ఖర్చు, పట్టే సమయం, అర్ధరాత్రి దిగితే టాక్సీ తప్పదా అన్నది కూడా లెక్కలో వేయండి.

రెండు వేరువేరు టికెట్లు అతికించి కనెక్టింగ్ ఫ్లయిట్‌లా చూపించే సైట్లూ ఉన్నాయి. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే, రెండో సంస్థకు సంబంధం ఉండదు. మధ్యలో బ్యాగు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, కొన్ని దేశాల్లో అందుకు వీసా కూడా కావాలి.

6. డబ్బు కట్టేటప్పుడు, కట్టాక

విదేశీ సైట్ "మీ దేశపు డబ్బులో కట్టండి" అంటే, అందులో వాళ్ల మారకం రేటు దాగి ఉంటుంది. మీ బ్యాంకు రేటు, కార్డు రుసుముతో పోల్చాకే ఒప్పుకోండి. మధ్యవర్తి సైట్‌లో ధర కాస్త తక్కువగా కనిపించినా, విమాన సంస్థ సైట్‌లో చివరి పేజీ దాకా వెళ్లి రెండూ పోల్చండి. తేడా కొంచెమే అయితే సంస్థ దగ్గరే కొనండి. రద్దు, రీఫండ్ వచ్చినప్పుడు ఇద్దరి మధ్య తిరగాల్సిన పని తప్పుతుంది.

టికెట్ రాగానే పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే వెంటనే చెప్పండి, ఆలస్యమైతే దిద్దడానికి కూడా రుసుము ఉంటుంది. వెబ్ చెక్-ఇన్ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూసేస్తారో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కొన్ని సంస్థలు విమానాశ్రయంలో చెక్-ఇన్ చేస్తే విడిగా డబ్బు తీసుకుంటాయి. బోర్డింగ్ పాస్‌ను, బ్యాగు కొలతలున్న పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.