చిన్న బోటు క్యాబిన్‌లో ఏ పొయ్యి పెట్టాలి, గ్యాస్ బండ ఎక్కడ పెట్టాలి

కొత్తపట్నం, పాకల, జువ్వలదిన్నె, మైపాడు, ఎక్కడైనా చూడండి. బోటు చేయించేటప్పుడు ఇంజను ఎన్ని హెచ్‌పీ, వల కన్ను ఎంత అని పదిమందిని అడిగి తెలుసుకుంటాం. పొయ్యి దగ్గరికొచ్చేసరికి ఇంట్లో పాతది ఏదుంటే అది ఎక్కించేస్తాం. రెండు మూడు రోజుల వేటకు పోయే బోటులో నలుగురైదుగురు వండుకునేది, తినేది, నడుం వాల్చేది అంతా ఆ చిన్న క్యాబిన్‌లోనే కాబట్టి దీన్ని అంత తేలిగ్గా వదిలేయకూడదు. నేనైతే ముందు బండకు చోటు చూస్తాను, తర్వాత క్యాబిన్‌లోకి గాలి వచ్చిపోయే దారి చూస్తాను. ఆ రెండూ కుదిరాకే షాపుకు పోయి పొయ్యి కొనడం.

బండ సంగతి ముందు ఎందుకంటే, వంట గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, కిందికి దిగుతుంది. ఇంట్లో అయితే తలుపు తీస్తే గడప దాటి బయటికి పోతుంది. బోటు అడుగుకు తలుపేదీ లేదు, దిగిన గ్యాస్ అక్కడే పలకల కింద, ఇంజను పక్కన పేరుకుంటుంది. పైన నిలబడ్డ మనిషికి వాసన కూడా సరిగ్గా తగలకపోవచ్చు. తెల్లవారుజామున ఇంజను స్టార్ట్ చేసినప్పుడు స్విచ్ దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

అందుకని బండ క్యాబిన్ లోపల వద్దు, ఇంజను గది పక్కన అసలే వద్దు. డెక్కు మీద, ఎండ నేరుగా తగలని చోట, ఒక ఫైబర్ పెట్టె చేయించి అందులో నిలువుగా నిలబెట్టి బెల్టుతో బిగించండి. పడుకోబెట్టిన బండలోంచి గ్యాస్‌కు బదులు ద్రవమే పైపులోకి వచ్చేస్తుంది, కాబట్టి ఎంత అలకైనా అది పక్కకు ఒరగకూడదు. పెట్టె అడుగున ఒక రంధ్రం పెట్టి, లీకైన గ్యాస్ దానిగుండా నేరుగా సముద్రం మీదికి పోయేట్టు చూడండి. ఆ రంధ్రం కట్టేవాళ్ళకు మీరే దగ్గరుండి చెప్పాలి, లేకపోతే నీళ్ళు లోపలికొస్తాయని మూసేస్తారు.

ఇంటి 14.2 కిలోల బండ బోటుకు పెద్దది, పైగా ఇంటి కనెక్షన్ బండను వ్యాపారానికి వాడకూడదు. ఏజెన్సీల్లో 5 కిలోల చిన్న బండ గుర్తింపు కార్డు చూపిస్తే అమ్ముతారు, అది సరిపోతుంది. 2 కిలోవాట్ల బర్నరు ఒకటి పూర్తి మంట మీద గంటకు సుమారు 160 గ్రాములు కాలుస్తుంది. ఆ లెక్కన చిన్న బండ దాదాపు 30 గంటల మంట ఇస్తుంది. అన్నం, పులుసు, టీ కలిపి రోజుకు మూడు నాలుగు గంటలు వెలిగినా వారం వస్తుంది. తీసుకునేటప్పుడు మెడ దగ్గరున్న పట్టీ మీద అక్షరం, సంవత్సరం చూడండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అట్లా డి దాకా. అది మళ్ళీ పరీక్ష చేయాల్సిన గడువు. అది దాటిన బండను షాపులోనే వదిలేసి ఇంకొకటి అడగండి.

ఇక గాలి. కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆరడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న క్యాబిన్‌లో మొత్తం ఉండేది 6 ఘనపు మీటర్లే. వాన కొడుతోందని తలుపూ కిటికీ బిగించి పొయ్యి వెలిగిస్తే ఆ గాలి తొందరగా పాడవుతుంది, మంట నీలం పోయి పసుపుగా నాలుకలు చాస్తుంది, గిన్నె అడుగు మసిబారుతుంది. ఆ మంటలోంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్ళు తేలిపోవడం, చూడ్డానికి సముద్రం పడనట్టే ఉంటుంది. అందుకే లోపలున్న ఇద్దరికి ఒకేసారి తల పట్టేసిందంటే వాంతి మాత్ర వెతకొద్దు, ఇద్దర్నీ ముందు డెక్కు మీదికి లాగండి.

దీనికి చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. క్యాబిన్ గోడకు కింద ఒకటి, పైకప్పు దగ్గర ఒకటి, ఎప్పుడూ మూయడానికి వీల్లేని గాలి రంధ్రాలు పెట్టించండి. వాన చినుకు పడకుండా బయట వంపు మూత చాలు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో బిగించండి.

మార్గశిరం, పుష్యం రాత్రుల్లో తడిబట్టల మీద గాలి కొడితే వణుకు పుడుతుంది, నిజమే. అట్లాగని బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చి పెట్టుకోవద్దు. నిప్పులు బూడిదబారినా విషవాయువు వస్తూనే ఉంటుంది, నిద్రలో ఉన్నవాడికి తెలియదు. పొయ్యిని చలిమంటగా వాడొద్దు. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా గోడల మీద చెమ్మగా దిగి దుప్పట్లు ఇంకా తడుస్తాయి. చలి దేశాల్లో చిన్న తెరచాప పడవల వాళ్ళు పెట్టుకునే 2 కిలోవాట్ల డీజిల్ హీటర్లు మండడానికి గాలిని బయటినుంచి పీల్చి, పొగను వేరే పైపులో బయటికే వదులుతాయి, క్యాబిన్‌లోకి వచ్చేది వేడి గాలి మాత్రమే. మన సముద్రానికి ఆ హీటరు ఖర్చు అనవసరం. పొడి బట్టలు ఒక జత, ఒక రగ్గు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకుంటే చాలు.

పొయ్యి ఎంపిక ఇక తేలికే. గాజు పలక ఉన్నది వద్దు, అల ఊపుకి కుక్కర్ జారి పడితే పగులుతుంది. స్టీలు బాడీ, ఇత్తడి బర్నర్లు, రెండు మంటలది తీసుకోండి. ఉప్పు గాలికి 316 రకం స్టీలు బాగా ఆగుతుంది, 304 శుభ్రంగా తుడుచుకుంటే పర్లేదు. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది తక్కువ రకం. అతుక్కోలేదు కదా అని పూర్తిగా నమ్మొద్దు, తొందరగా తుప్పు పట్టే 200 రకం కూడా అతుక్కోదు, బిల్లు మీద రకం రాయించుకోండి. పొయ్యిని తిరగేసి కింద చూడండి. పైన స్టీలు మెరుస్తూ లోపల పైపు, స్క్రూలు మామూలు ఇనుమైతే మొదట పోయేది అవే. ఆటో ఇగ్నిషన్‌కు డబ్బులు పెట్టొద్దు, ఉప్పుకి అది నిలవదు.

నేను గట్టిగా అడిగేది ఒకటే. మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తానే ఆగిపోయే వాల్వు ఉన్న పొయ్యి దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. బల్లలో దిగేసి అమర్చే హాబ్ రకాల్లో కొన్నింటికి ఉంటుంది. అన్నం పొంగి మంట మీద పడ్డాక, ఎవరూ చూడకుండా గ్యాస్ వస్తూనే ఉండడం బోటులో ఎప్పుడైనా జరగొచ్చు. గిన్నె ఎత్తులో సగం దాకా వచ్చేట్టు చుట్టూ స్టీలు కడ్డీ వెల్డింగ్ చేయించండి, పొయ్యిని బల్లకు బోల్టులతో బిగించండి. పులుసైనా సరే, మూత బిగుసుకునే కుక్కర్‌లో వండితే ఒలికి కాళ్ళ మీద పడే భయం ఉండదు.

ఇండక్షన్ గురించి కుర్రాళ్ళు అడుగుతున్నారు. 2000 వాట్ల స్టవ్ 12 వోల్టుల బ్యాటరీనుంచి 170 ఆంపియర్లు దాకా లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అరగంట తిరక్కుండానే చేతులెత్తేస్తుంది, తర్వాత జీపీఎస్‌కీ లైటుకీ కరెంటుండదు. వద్దు.

పైపు ఐఎస్ఐ మార్కు సురక్షా రకమే, ఒకటిన్నర మీటరు దాటకుండా, మీద ముద్రించిన గడువు చూసి కొనండి. బిగించాక సబ్బు నురగ రాసి చూడాలి. రెగ్యులేటరు మూతి దగ్గర కంది గింజంత బుడగ ఉబ్బి పగిలి మళ్ళీ అక్కడే ఉబ్బిందంటే అది లీకే, అగ్గిపుల్లతో మాత్రం చూడొద్దు. రాత్రి వంటయ్యాక మొదట బండ దగ్గర గ్యాస్ కట్టేసి, పైపులో మిగిలింది మండి ఆరిపోయాక పొయ్యి నాబు తిప్పండి.

వాసన వస్తే ఇంజను, లైటు, మోటారు పంపు, ఫోను ఏదీ ముట్టుకోకుండా బండ దగ్గర గ్యాస్ కట్టేసి తలుపులు, కిటికీలు అన్నీ తెరవండి. అడుగున చేరిన గ్యాస్‌ను ప్లాస్టిక్ బకెట్‌తో నీళ్ళు తోడినట్టు తోడి బయటికి కుమ్మరించాలి. మంటలార్పే పౌడర్ సిలిండర్ పొయ్యి వెనక కాకుండా తలుపు దగ్గర వేలాడదీయండి, మంట దాటి పోయి తీసుకోలేరు కదా. ఒడ్డున గ్యాస్ లీకుకు 1906, సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ 1554, రెండూ క్యాబిన్ గోడ మీద పెయింట్‌తో రాయించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఒడ్డునే ఉంటుంది కాబట్టి రంధ్రాలు కొట్టించడం, పెట్టె కట్టించడం అప్పుడు పెట్టుకోండి. బర్నర్లు ఊడదీసి ఉప్పు పట్టిన కన్నాలు సన్న తీగతో పొడిచి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. పైపు వంచి చూసినప్పుడు ఎక్కడ పగులు కనిపించినా ఆ సీజన్‌కు కొత్తది వేయండి.