వాణిజ్య భవనానికి లీడ్ సర్టిఫికెట్: పెట్టుబడిదారుల కోసం దరఖాస్తు విధానం

పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయదలచిన యజమాని ముందుగా తేల్చుకోవలసింది, ఆ భవనంలో కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారన్నది. యజమానే కడుతున్నట్లయితే విద్యుత్తు, నీటి ఖర్చులో మిగిలినదంతా నికర ఆదాయంలో చేరుతుంది. ఏటా వచ్చే ఆ ఆదాయం భవనం విలువలో 8 శాతమని లెక్కగట్టే మార్కెట్లో ఏటా 100 రూపాయలు మిగిలితే భవనం విలువ 1,250 రూపాయలు పెరిగినట్టు లెక్క. అద్దెదారులే తమ మీటర్ల ప్రకారం కడుతుంటే ఆ ఆదా వారికే పోతుంది కాబట్టి, యజమానికి రావలసిన లాభం మెరుగైన అద్దె రూపంలోనో, ఖాళీలు తగ్గడం ద్వారానో రావాలి. సర్టిఫికెట్ వచ్చాక చూసుకుందాంలే అనుకోకుండా, అందుకు తగిన షరతులను లీజు రాసేటప్పుడే చేర్చుకోవడం మంచిది.

అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రూపొందించిన ఈ విధానంలో దరఖాస్తులను పరిశీలించేది జీబీసీఐ అనే సంస్థ. భవనాన్ని, ఉమ్మడి వ్యవస్థలను మాత్రమే కట్టించి, లోపలి పనులను అద్దెదారులకు వదిలేసేవారు కోర్ అండ్ షెల్ విభాగాన్ని ఎంచుకోవాలి. ఇప్పటికే వాడుకలో ఉన్న భవనాన్ని కొన్నవారికి ఆపరేషన్స్ అండ్ మెయింటెనెన్స్ విభాగం వర్తిస్తుంది. దీనికి 12 నెలల విద్యుత్తు, నీటి వాడకం వివరాలు కావాలి.

ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని రుసుము చెల్లించాక, ఒక్కో అంశానికి ఆధారాలు అప్‌లోడ్ చేయాలి. తప్పనిసరి అంశాల్లో ఒక్కటి తప్పినా పాయింట్లు ఎన్ని ఉన్నా సర్టిఫికెట్ రాదు. అవన్నీ నెరవేరితే 40 పాయింట్లకు సర్టిఫైడ్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం స్థాయి లభిస్తుంది. ఇక్కడ చిన్నదిగా కనిపించి పని ఆపేసేది విస్తీర్ణం లెక్క: ఇంధన వినియోగ నమూనాలో (భవనం ఎంత ఇంధనం వాడుతుందో అంచనా వేసే కంప్యూటర్ లెక్కలో) పార్కింగ్ అంతస్తును కలిపి, దరఖాస్తు ఫారంలో మినహాయిస్తే అంకెలు పొంతన కుదరక సమీక్షకులు వివరణ అడుగుతారు. అందువల్ల డ్రాయింగులు, నమూనా, ఫారం మూడింటిలోనూ ఒకే అంకె ఉందో లేదో పంపే ముందే సరిచూసుకోవాలి.

కొత్త నిర్మాణాలకు డిజైన్ దశ పత్రాలను ముందుగా, నిర్మాణ దశ పత్రాలను తర్వాత పంపే వీలుంది. డిజైన్ సమీక్షలో అనుకూల ఫలితం వచ్చినంత మాత్రాన అది సర్టిఫికెట్ కాదు. హరిత రుణాలకు, అంటే పర్యావరణహిత పనులకు ఇచ్చే రుణాలకు, 2018లో వెలువడిన గ్రీన్ లోన్ సూత్రాలను పాటించే బ్యాంకు తుది సర్టిఫికెట్‌నే షరతుగా పెట్టే అవకాశం ఉంది కాబట్టి, రుణ ఒప్పందంలో ఏ పత్రం, ఏ స్థాయి, ఏ గడువు అన్నవి స్పష్టంగా రాయించుకోవాలి.

తుది నిర్ణయం అంగీకారం కాకపోతే, రుసుము చెల్లించి అప్పీలు చేసుకోవచ్చు. ఆపరేషన్స్ అండ్ మెయింటెనెన్స్ సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లే. భవనాన్ని అమ్మే ఆలోచన ఉన్నవారు ఆ గడువు బేరం మధ్యలో ముగియకుండా పునరుద్ధరణ దరఖాస్తును ముందే సిద్ధం చేసుకోవాలి.