హోమ్ సర్వర్‌కి ర్యామ్ ఎంత కొనాలో ముందే లెక్కేసుకోండి
స్టోరేజ్‌కీ వీఎంలకీ (ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషీన్లు) కలిపి ఇంట్లో ఒకే సర్వర్ పెట్టుకుంటే మొదటి తలనొప్పి ర్యామే, తక్కువ కొంటే నెల తిరక్కుండా మళ్ళీ కొనాలి. నేనిప్పుడు ఇలా లెక్కేస్తున్నా: జడ్ఎఫ్ఎస్‌కి (డిస్కుల్ని కలిపి స్టోరేజ్ చూసుకునే ఫైల్ సిస్టమ్) 2 జీబీ, దాని మీద ప్రతి టీబీ స్టోరేజ్‌కి 1 జీబీ, హోస్ట్‌కి (వీఎంలని నడిపే అసలు సిస్టమ్‌కి) ఇంకో 2, ఆపైన ఒకేసారి నడిచే వీఎంలన్నిటికీ ఇచ్చేది. అంటే 8 టీబీ పూల్ (డిస్కులన్నీ కలిపిన స్టోరేజ్), 4 జీబీ వీఎంలు మూడు అనుకుంటే 10+2+12, మొత్తం 24 కాబట్టి 32 తీసుకోవడమే, అదీ నాలుగు స్లాట్ల బోర్డులో 16వి రెండు పెడితే తర్వాత పెంచుకోడానికి రెండు స్లాట్లు ఖాళీగా ఉంటాయి (నేను 8వి నాలుగు పెట్టేసి, తర్వాత అన్నీ పీకాల్సొచ్చింది). కాకపోతే జడ్ఎఫ్ఎస్‌లో డీడూప్లికేషన్ (ఒకేలాంటి డేటాని ఒక్కసారే దాచడం) ఆన్ చేస్తే ఈ లెక్క పనికిరాదు, అది ర్యామ్‌ని ఇంకా చాలా తినేస్తుంది.