హై-ఎండ్ మ్యూజిక్ ప్లేయర్: ఎంచుకునే తీరు, అమర్చుకునే తీరు

సంగీతాన్ని శ్రద్ధగా వినేవారి కోసమే తయారయ్యే జేబు ప్లేయర్లను ఆడియో ప్రియులు క్లుప్తంగా డాప్ (డిజిటల్ ఆడియో ప్లేయర్) అంటారు. చేతిలో ఫోన్ ఉండగా మరొక పరికరం అవసరమా అన్న సందేహం సహజమే. 2001లో 5 గిగాబైట్ల నిల్వతో మొదలైన ఐపాడ్ ప్రస్థానం 2022లో ముగిసిందంటే, సాధారణ శ్రోతకు ఫోన్ సరిపోయిందనే అర్థం. అయితే ఆ ముగింపుకు పదేళ్ల ముందే ఆస్టెల్ అండ్ కెర్న్ సంస్థ ఏకే100తో కొత్త శ్రేణికి తెర తీసింది. 2016లో సోనీ సంస్థ రాగి దిమ్మను చెక్కి, దానికి బంగారు పూత పూసి, సుమారు 455 గ్రాముల బరువుతో ఒక వాక్‌మన్‌నే విడుదల చేసింది. ఈ తరహా ప్లేయర్లను ఫోన్‌తో పోల్చినప్పుడు స్పష్టంగా కనిపించే మెరుగులు రెండు: పెద్ద హెడ్‌ఫోన్లను నడపగలిగే శక్తి, అతి సున్నితమైన ఇయర్‌ఫోన్లలో కూడా సన్నని రొద వినిపించనివ్వని శుభ్రత. మీ ఇయర్‌ఫోన్లకు ఈ రెండింటిలో ఏదీ అవసరం లేకపోతే, ఫోన్‌కు తగిలించుకుని ఇయర్‌ఫోన్ కలుపుకునే చిన్న డాంగిల్‌తోనే మీ పని నెరవేరవచ్చు. ఆ సంగతి కొనకముందే తెలుసుకోవడం మంచిది.

ముందు హెడ్‌ఫోన్, ఆ తర్వాతే ప్లేయర్

చాలామంది ప్లేయర్ల జాబితా ముందు పెట్టుకుని ఎంపిక మొదలుపెడతారు. ఎంపిక హెడ్‌ఫోన్ నుంచి మొదలుకావాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మీరు వినే ధ్వని స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది హెడ్‌ఫోనే. దాన్ని ఏ లోటూ లేకుండా నడపడం వరకే ప్లేయర్ బాధ్యత. కాబట్టి మీ హెడ్‌ఫోన్ వివరాల పత్రంలో రెండు అంకెలను వెతకండి. మొదటిది విద్యుత్ ప్రవాహానికి హెడ్‌ఫోన్ చూపే అడ్డును ఓముల్లో చెప్పే ఇంపీడెన్స్, రెండవది ఒక మిల్లీవాట్‌కు ఎన్ని డెసిబెళ్ల ధ్వని వస్తుందో చెప్పే సెన్సిటివిటీ. ఈ రెండూ తెలిస్తే ప్లేయర్ ఎన్ని వోల్టులు ఇవ్వాలో కాగితం మీదే తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. సంగీతంలో ఒక్కసారిగా ఎగసే శిఖరాల కోసం 110 డెసిబెళ్ల దాకా అవకాశం ఉంచుకోవాలనుకుందాం. మిల్లీవాట్‌కు 97 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న 300 ఓముల హెడ్‌ఫోన్‌కు ఇంకా 13 డెసిబెళ్లు కావాలి, అంటే 20 మిల్లీవాట్లు. ఆ శక్తిని వాట్లలో (0.02) తీసుకుని, ఓములతో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 2.45 వోల్టులు వస్తాయి. ఇదే లెక్కను మిల్లీవాట్‌కు 105 డెసిబెళ్లు ఇచ్చే 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు వేస్తే 0.32 వోల్టులే సరిపోతాయి. మొదటి హెడ్‌ఫోన్ ఉన్నవారు ప్లేయర్ ఇచ్చే గరిష్ఠ వోల్టేజిని చూసుకుని కొనాలి. రెండవది ఉన్నవారికి ఆ అంకెతో దాదాపు పనే లేదు; వారు చూడవలసినవి వేరే ఉన్నాయి. కొందరు తయారీదారులు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాకుండా వోల్టుకు చెబుతారు. 32 ఓముల దగ్గర ఈ రెండు కొలతల మధ్య 15 డెసిబెళ్ల తేడా ఉంటుంది కనుక, ఏ కొలతలో చెప్పారో గమనించకుండా రెండు ఇయర్‌ఫోన్లను పోల్చకూడదు.

సున్నితమైన ఇయర్‌ఫోన్లు వాడేవారు మొదట చూడవలసింది ప్లేయర్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ప్లేయర్ తన వైపు నుంచి చూపే అడ్డు. ఒకే ఇయర్‌ఫోన్‌లో ధ్వనిని పుట్టించే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం చిన్న డ్రైవర్లు నాలుగైదు ఉన్నప్పుడు, దాని ఇంపీడెన్స్ అన్ని పౌనఃపున్యాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 10 ఓములకు పడిపోయి, మరోచోట 60 ఓములకు పెరగవచ్చు. అటువంటి ఇయర్‌ఫోన్‌ను 10 ఓముల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న ప్లేయర్‌కు కలిపితే, ఆ రెండు చోట్ల అందే ధ్వనిలో దాదాపు 4.7 డెసిబెళ్ల తేడా వస్తుంది. ఇది ఈక్వలైజర్ మీటను గట్టిగా జరిపినంత మార్పు. అదే ప్లేయర్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 1 ఓము అయితే తేడా 0.7 డెసిబెల్‌కు తగ్గుతుంది. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఉండాలన్న వాడుక సూత్రం ఇందుకే పుట్టింది. ఒక ప్లేయర్ ధ్వని వెచ్చగా ఉందనీ, ఇంకొకదాని ధ్వని పదునుగా ఉందనీ వినిపించే వర్ణనల్లో కొన్నింటికి కారణం ఇదేనని నా నమ్మకం. ఈ అంకెను ప్రకటించని ప్లేయర్‌ను నేను సిఫారసు చేయను.

తర్వాత చూడవలసింది రొద. వోల్టుకు 120 డెసిబెళ్లు ఇచ్చే ఇయర్‌ఫోన్‌లోకి ప్లేయర్ నుంచి 10 మైక్రోవోల్టుల నాయిస్ చేరితే, అది 20 డెసిబెళ్ల శబ్దంగా మారి, నిశ్శబ్దమైన గదిలో పాటకూ పాటకూ మధ్య సన్నని బుస్సుమనే చప్పుడుగా వినిపిస్తుంది. నాయిస్ 2 మైక్రోవోల్టులైతే అది సుమారు 6 డెసిబెళ్లకు పడిపోయి ఎవరికీ అందదు. భారీ శక్తి గల ప్లేయర్లు ఈ విషయంలో కొన్నిసార్లు వెనకబడతాయి. అందుచేత ఎక్కువ శక్తి ఉన్నదే మంచి ప్లేయర్ అనుకోకూడదు.

బ్యాలెన్స్‌డ్ జాక్ విషయంలో ఒక హెచ్చరిక

ఈ ప్లేయర్లలో చాలావాటికి మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్‌తో పాటు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ కూడా ఉంటుంది. కొంచెం పాత నమూనాల్లో దాని స్థానంలో 2.5 మిల్లీమీటర్లది కనిపిస్తుంది. బ్యాలెన్స్‌డ్ పద్ధతిలో ఎడమ, కుడి ఛానెళ్లు నేల (గ్రౌండ్) తీగను పంచుకోవు. ఒక్కొక్క ఛానెల్‌ను రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురు దిశల్లో నడుపుతాయి కాబట్టి వోల్టేజి రెట్టింపు దాకా పెరుగుతుంది. పైన చెప్పిన 300 ఓముల హెడ్‌ఫోన్‌కు ఇది నిజంగా ఉపకరిస్తుంది. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కు ఆ అదనపు వోల్టేజితో పనిలేకపోగా, కొన్ని ప్లేయర్లలో రొద, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కూడా దానితో పాటే పెరుగుతాయి. కాబట్టి రెండు జాకుల కొలతలూ విడివిడిగా చూడాలి.

హెచ్చరిక ఏమిటంటే, ప్లేయర్ బ్యాలెన్స్‌డ్ జాక్‌లో అడాప్టర్ పెట్టి మామూలు 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. ఆ ఇయర్‌ఫోన్ ప్లగ్‌లో రెండు ఛానెళ్ల రుణ తీగలూ ఒకే లోహపు వలయానికి అంటి ఉంటాయి. వాటిని నడుపుతున్న రెండు యాంప్లిఫయర్లు ఒకదానితో ఒకటి షార్ట్ అయి కాలిపోయే ప్రమాదం ఉంది. దీనికి వ్యతిరేక దిశలో, అంటే బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న ఇయర్‌ఫోన్‌ను సరైన అడాప్టర్‌తో 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు కలపడం వల్ల ఏ నష్టమూ లేదు.

డిజిటల్ అంకెలను ధ్వని సంకేతంగా మార్చే డాక్ చిప్ పేరు గురించి తక్కువే చెబుతాను. ఈఎస్‌ఎస్, ఏకేఎం, సిరస్ లాజిక్ వంటి సంస్థల మేలురకం చిప్‌లు అన్నీ మనిషి చెవికి చాలినంత శుభ్రమైనవే. రెసిస్టర్ల నిచ్చెనతో కట్టిన ఆర్2ఆర్ డాక్‌లకూ అభిమానులు ఉన్నారు. చిప్ చుట్టూ ఉన్న యాంప్లిఫయర్, విద్యుత్ సరఫరా ఎలా కట్టారన్నదే ఎక్కువ ముఖ్యం.

సాఫ్ట్‌వేర్ మాటకొస్తే, స్ట్రీమింగ్ యాప్‌లు కావాలంటే ఆండ్రాయిడ్ ఉన్న ప్లేయర్ తీసుకోవాలి. సాధారణ ఆండ్రాయిడ్ పరికరాలు చాలావరకు అన్ని ధ్వనులనూ కలిపి 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి పంపుతాయి, అంటే 44.1 కిలోహెర్ట్జ్ సీడీ ఫైల్ ఉన్నదున్నట్టు బయటికి రాదు. మంచి ప్లేయర్లలో ఈ మార్పిడిని తప్పించే ఏర్పాటు ఉంటుంది. అది తయారీదారు సొంత యాప్‌కే పరిమితమా, అన్ని యాప్‌లకూ వర్తిస్తుందా అని కొనేముందు అడగండి. ఆండ్రాయిడ్ లేని ప్లేయర్లు త్వరగా తెరుచుకుంటాయి, బ్యాటరీని పొదుపుగా వాడతాయి. అయితే వాటిలో కొన్నింటికి తెలుగు లిపి తెలియదు. పాటల పేర్లను తెలుగులో రాసుకునే అలవాటు ఉన్నవారు, తెర మీద అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయేమో ఒక ఫైల్‌తో పరీక్షించుకోవాలి. లిపి కనిపించినా గుణింతాలు, ఒత్తులు చెదిరిపోవచ్చు కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

ఫైళ్లు సిద్ధం చేసుకోవడం

ప్లేయర్ చేతికి వచ్చాక ఎక్కువ సమయం తీసుకునే పని ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. సీడీ ప్రమాణం 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అది 96 డెసిబెళ్ల విస్తృతిని, 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న పౌనఃపున్యాలను పట్టుకుంటుంది. మనిషి వినగలిగే హద్దు సుమారు 20 కిలోహెర్ట్జే. అందువల్ల సీడీ నాణ్యత గల ఫ్లాక్ (నష్టం లేకుండా కుదించే పద్ధతి) ఫైల్‌ను తక్కువగా చూడనవసరం లేదు. నాలుగు నిమిషాల పాట అసలు పరిమాణం సీడీ ప్రమాణంలో సుమారు 42 మెగాబైట్లు, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ప్రమాణంలో 276 మెగాబైట్లు, ధ్వనిని ఒక్కొక్క బిట్‌గా అతి వేగంగా నమోదు చేసే డీఎస్‌డీ64లో 169 మెగాబైట్లు. ఫ్లాక్ మొదటి రెండింటినీ, ఒక్క బిట్ కూడా పోకుండా, గణనీయంగా కుదిస్తుంది. పెద్ద ఫైల్ కన్నా మంచి మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు ధ్వనిని తీర్చిదిద్దే తుది పని, ముఖ్యం. ఒకే ఆల్బమ్ తాలూకు పాత సీడీ ముద్రణ, గట్టిగా వినిపించాలని తర్వాత నొక్కిపెట్టి చేసిన హై-రెజొల్యూషన్ ముద్రణ రెండూ దొరికితే, చాలాసార్లు నేను పాతదానినే ఉంచుకుంటాను.

మీ సీడీలను ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లుగా మార్చుకోండి. అది మీరు తీసిన ఫలితాన్ని అదే సీడీ నుంచి ఇతరులు తీసిన ఫలితాలతో సరిపోల్చి, తప్పులుంటే చెబుతుంది. ఎక్కడైనా కొన్న హై-రెజొల్యూషన్ ఫైల్ మీద అనుమానం వస్తే, స్పెక్ వంటి ఉచిత సాధనంలో తెరిచి వర్ణపటాన్ని చూడండి. 96 కిలోహెర్ట్జ్ అని చెప్పిన ఫైల్‌లో 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు అంతా ఆగిపోతే, అది సీడీ నుంచి సాగదీసినది అయి ఉండవచ్చు. 16 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతే, దాని మూలం తక్కువ నాణ్యత గల ఎంపీ3 అయ్యే అవకాశం ఎక్కువ.

ట్యాగుల్లో పాట పేరు, కళాకారుడి పేరుతో పాటు ఆల్బమ్ ఆర్టిస్ట్ అన్న గడిని తప్పక నింపండి. పలువురు గాయకులు పాడిన ఆల్బమ్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే, ప్లేయర్ ఒక్క ఆల్బమ్‌ను పది ముక్కలుగా చూపించవచ్చు. ముఖచిత్రం మరీ పెద్దదిగా ఉంటే జాబితా నెమ్మదిస్తుంది. వెడల్పు, ఎత్తు 1000 పిక్సెళ్ల లోపు ఉంటే చాలు. మెమరీ కార్డును ప్లేయర్‌లోనే ఫార్మాట్ చేసి, ఫైళ్లను కంప్యూటర్‌కు కలిపిన కార్డ్ రీడర్ ద్వారా ఎక్కించుకోండి. అసలు సంకలనాన్ని మాత్రం వేరే డిస్కులో భద్రపరచండి. కార్డులు ముందు చెప్పి పాడవవు.

అమర్చుకోవడం, పోల్చి వినడం

మొదట గెయిన్‌ను, అంటే యాంప్లిఫయర్ సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరికను, కనిష్ఠ స్థాయిలో ఉంచండి. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా చాలడం లేదనిపిస్తేనే పై స్థాయికి వెళ్లండి. ఈక్వలైజర్, సరౌండ్ వంటి ప్రభావాలను తొలి వారం ఆపి ఉంచండి. పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్‌ను ఆన్ చేయండి, లేకపోతే ఆగకుండా సాగే కచేరీ రికార్డింగుల మధ్య చిన్న చిన్న విరామాలు వస్తాయి. శబ్దస్థాయిని సరిచేసే రీప్లేగెయిన్ ఆల్బమ్ పద్ధతిలో ఉంటే, ఒక ఆల్బమ్ నుంచి మరొకదానికి మారినప్పుడు శబ్దస్థాయి హఠాత్తుగా ఎగరదు, ఆల్బమ్ లోపలి హెచ్చుతగ్గులూ చెడవు. డిజిటల్ ఫిల్టర్ల మధ్య తేడా అతి స్వల్పం. తయారీదారు ఇచ్చినదాన్ని అలాగే ఉంచడం నా అలవాటు. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే ఎల్‌డాక్ పద్ధతి గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపుతుంది, కుదించని సీడీ ధ్వనికి 1411 కావాలి. ప్రయాణంలో అది చాలు, ఇంట్లో మాత్రం తీగతోనే వినండి.

రెండు ప్లేయర్లను పోల్చేటప్పుడు శబ్దస్థాయిని సమానం చేయకపోతే ఆ పోలికకు విలువ లేదు. కొద్దిపాటి హెచ్చు ధ్వని కూడా చెవికి హెచ్చుగా కాక, మెరుగ్గా తోస్తుంది. నేను ఒక ప్లేయర్ మరొకదానికన్నా ఎంతో స్పష్టమైనదని వారం రోజులు నమ్మాను. వోల్టేజి కొలిచి సమానం చేసిన రోజు రెండింటినీ వేరు చేయలేకపోయాను. ఆ వారం రాసుకున్న గమనికలన్నీ కొట్టివేయవలసి వచ్చింది. పద్ధతి కష్టం కాదు. ఇయర్‌ఫోన్ కలిపి ఉండగానే స్థిరమైన స్వరం ఉన్న ఫైల్‌ను రెండు ప్లేయర్లలోనూ నడిపి, మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజిని కొలిచి, వీలైనంత దగ్గరగా తేవాలి. మామూలు మల్టీమీటర్లలో చాలావరకు 400 హెర్ట్జ్ దాటితే సరిగా కొలవవు కాబట్టి 100 హెర్ట్జ్ స్వరం తీసుకోండి. 2 శాతం వోల్టేజి తేడా అంటే 0.2 డెసిబెల్ కన్నా తక్కువే, అది చాలు. తర్వాత ఏ ప్లేయర్ మోగుతోందో మీకు తెలియకుండా మరొకరి చేత మార్పిస్తూ వినండి. బాగా తెలిసిన పాటలోని పది క్షణాల భాగాన్ని మళ్లీ మళ్లీ వింటే తేడాలు త్వరగా పట్టుబడతాయి.

శుభ్రమైన ధ్వనిలో ఒక ప్రమాదం దాగి ఉంది. వక్రీకరణ తక్కువగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా వింటున్నామో మనకు తెలియదు. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు సురక్షిత పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెళ్ల దగ్గర ఆ పరిమితి వారానికి 4 గంటలకు పడిపోతుంది. ప్లేయర్‌లో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టే సదుపాయం ఉంటే మొదటి రోజే వాడుకోండి.

లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఛార్జింగ్ పెట్టి గంటల తరబడి అధిక గెయిన్‌తో వినడం, ఎండలో ఆపిన వాహనంలో వదిలేయడం మానుకోండి. రోజూ 20 నుంచి 80 శాతం మధ్య ఉంచితే ఆయుష్షు పెరుగుతుంది. కొన్ని నెలలు వాడబోరనుకుంటే, సగం ఛార్జితో ఆపివేసి చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి ఛార్జి చూసుకోండి. వెనక పలక ఉబ్బినట్టు కనిపిస్తే వాడకం వెంటనే ఆపి, ఛార్జింగ్ పెట్టకుండా, సర్వీసు కేంద్రానికి అప్పగించండి.