తెల్లబట్టలు వేయాలంటే తెల్లరంగు ఆఖరున

మా నాన్నగారి బొమ్మ మొదటిసారి ఆయిల్ రంగుల్లో వేసినప్పుడు ముఖం బాగానే కుదిరింది. లాల్చీ మాత్రం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. ట్యూబులోంచి టైటానియం వైట్ తీసి అలాగే పూసేశాను. ఆ తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది సిసిలియా బో బొమ్మ ఒకటి కాపీ చేశాక.

బో ఫిలడెల్ఫియాలో పుట్టిన అమెరికన్ చిత్రకారిణి. 1898లో తన బావగారు హెన్రీ స్టర్జిస్ డ్రింకర్‌ను తెల్ల సూటులో, ఒళ్లో పిల్లితో కూర్చోబెట్టి వేశారు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు 4 అడుగులు. మీకు అందులో సగం, అంటే 24×18 అంగుళాల కాన్వాస్ చాలు.

ముందు బొమ్మను రంగుల్లో ప్రింట్ తీయించండి. ఒక బూడిదరంగు అట్టముక్కకు శనగగింజంత చిల్లు పెట్టి, సూటు మీద అక్కడక్కడా ఆనించి చూడండి. తెలుపు అనుకున్న చోట నీలం, బూడిద, లేత పసుపు కనిపిస్తాయి. పక్కనే తెల్లకాగితం పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నేను మొదటిరోజు బ్రష్ పట్టకుండా గంటసేపు ఇదే చేశాను. మీరూ తొందరపడకండి.

కాన్వాస్‌కు బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగును టర్పెంటైన్‌తో పల్చగా కలిపి గుడ్డతో పూయండి. తెల్ల కాన్వాస్ మీద తెల్లబట్ట ఎంత తెలుపో కంటికి అందదు. ఆరాక ముదురు భాగాలు, ఆ తర్వాత సూటు నీడలు వేయండి. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), కొంచెం తెలుపు కలిపితే మంచి బూడిద వస్తుంది. నీలం పెంచితే చల్లగా, సియెన్నా పెంచితే వెచ్చగా మారుతుంది. మధ్యఛాయల్లో చిటికెడు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) వేయండి. వెడల్పాటి ఫ్లాట్ బ్రష్‌తో మడత ఎటు వాలితే అటే ఒక్క గీత లాగి వదిలేయండి. మళ్లీ మళ్లీ రుద్దితే బట్ట మట్టిగా అవుతుంది. అచ్చ తెలుపు వెలుగు నేరుగా తగిలే రెండు మూడు చోట్లే, అదీ చివర్లో.

పిల్లిని సూటు తడిగా ఉండగానే వేయండి. దాని ఒంటి రంగు కొద్దిగా పక్కనున్న తెల్లబట్ట నీడలోకి కలపాలి. అది లేకపోతే పిల్లి ఒళ్లో కూర్చున్నట్టు ఉండదు, అతికించినట్టు ఉంటుంది. నాకు ఈ ఒక్కచోటే మూడు సాయంత్రాలు పట్టింది.

పై పొరల్లో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కాస్త పెంచండి, కింది పొరల్లో కాదు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లున్న డబ్బాలో వేసి మూత పెట్టండి. వార్నిష్ ఆరు నెలలు ఆగాకే.

నాన్నగారి లాల్చీ మళ్లీ వేశాను. ఈసారి ట్యూబులో తెలుపు సగానికి పైగా మిగిలింది.